ఒక సర్వర్, ఐదు జావాలు: నా అనుభవం

మా క్లయింట్ ఒకరి సర్వర్ బాధ్యత నాకు అప్పజెప్పినప్పుడు హ్యాండోవర్ పేరుతో చేతికొచ్చింది ఒక ఎక్సెల్ షీట్ మాత్రమే. ఐపీ అడ్రస్, లాగిన్ వివరాలు, "యాప్స్: 5" అని రాసున్న ఒక గడి. అంతకుముందు చూసుకున్నతను అప్పటికే వేరే కంపెనీలో చేరిపోయాడు. లాగిన్ అయి, నడుస్తున్న ప్రోగ్రాములు (ప్రాసెస్‌లు) చూపించే టాప్ కమాండ్ కొడితే ఐదు లైన్లు కనిపించాయి, ఐదింటి పేరూ జావానే. ఏది లాగిన్ యాపో, ఏది రిపోర్టుల యాపో, ఏది ఆపితే క్లయింట్ నుంచి ఫోన్ వస్తుందో ఆ లిస్టు చెప్పదు.

మెషీన్ పెద్దదేమీ కాదు. ఉబుంటు 22.04, 8 కోర్లు, 16 జీబీ ర్యామ్. యాప్‌లని విడివిడిగా కట్టి నడిపే డాకర్ లేదు, కుబర్నెటీస్ లేదు. ఇలాంటి సర్వర్లు మన దగ్గర ఇంకా బోలెడు ఉన్నాయి, ఎవరూ వాటి గురించి రాయరు. గ్రాఫికల్ టూల్స్ పెట్టుకోవడానికి క్లయింట్ నెట్‌వర్క్ ఒప్పుకోదు, దూరం నుంచి కమాండ్లు కొట్టే ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే దారి. కాబట్టి నేను చేసిందంతా కమాండ్ లైన్‌లోనే.

ముందు పని, ఎవరు ఎవరో తేల్చుకోవడం. జేడీకే (జావా డెవలపర్ల టూల్స్ ప్యాకేజీ)తో పాటు వచ్చే జేపీఎస్ అనే చిన్న కమాండ్ నడుస్తున్న జేవీఎంల (జావా యాప్‌ని నడిపే ఇంజన్లు, ఇక్కడ ఒక్కో యాప్‌కి ఒకటి) జాబితా ఇస్తుంది. డిప్లాయ్ అనే యూజర్‌తో లాగిన్ అయి జేపీఎస్ కొడితే మూడు వచ్చాయి, మూడింటి పేరూ "బూట్‌స్ట్రాప్". జావా వెబ్ యాప్‌లని నడిపే టామ్‌క్యాట్ ఏదైనా మెయిన్ క్లాస్ పేరు అదే కాబట్టి అందులో వింతేమీ లేదు. జేపీఎస్‌కి మైనస్ ఎల్‌వీ తగిలిస్తే అసలు విషయం బయటపడింది. ఒక్కో ప్రాసెస్‌కి ఇచ్చిన ఆప్షన్లన్నీ బారుగా వస్తాయి, వాటిలో "కాటలీనా డాట్ బేస్" ఏ ఫోల్డర్ చూపిస్తుందో అదే ఆ యాప్ చిరునామా. టామ్‌క్యాట్ బైనరీలు (ప్రోగ్రాం ఫైళ్లు) ఒక్కచోటే పెట్టి, మూడు బేస్ ఫోల్డర్లతో మూడు ఇన్‌స్టన్స్‌లు, అంటే మూడు విడి టామ్‌క్యాట్‌లు, నడిపాడన్నమాట నా ముందున్నతను. ఆ పని మాత్రం పద్ధతిగానే చేశాడు.

మరి మిగతా రెండు ఏవి? ఇక్కడ జేపీఎస్ ఎలా పనిచేస్తుందో తెలిసుండాలి. ప్రతి జేవీఎం మొదలవగానే /టీఎంపీ అనే తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ కింద "హెచ్‌ఎస్‌పెర్ఫ్‌డేటా" అనే పేరుకి యూజర్ పేరు కలిపి ఒక ఫోల్డర్ తీసి, అందులో తన ప్రాసెస్ నంబర్‌తో ఒక ఫైల్ పెడుతుంది. జేపీఎస్ ఆ ఫైళ్లను చదివి జాబితా చెబుతుంది. వేరే యూజర్ ఫైళ్లు మనకు చదవడానికి రావు కాబట్టి వాళ్ల జేవీఎంలు మనకు కనబడవు. సుడోతో (రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) కొడితే నాలుగోది దొరికింది. స్ప్రింగ్ బూట్ జార్ (ఒకే ఫైల్‌గా కట్టిన జావా యాప్), ఎవరో నోహప్ (లాగౌట్ అయినా ఆగకుండా ఉంచే కమాండ్) పెట్టి రూట్ యూజర్‌తోనే లేపారు! చూసి గుండె ఝల్లుమంది కానీ, ఆ సంగతి తర్వాత.

ఐదోది సుడోతో కూడా రాలేదు. ప్రాసెస్‌లన్నిటినీ చూపే పీఎస్ మైనస్ ఈఎఫ్‌లో మాత్రం నిక్షేపంగా కూర్చుని ఉంది. అది ఆప్ట్ (ఉబుంటు ప్యాకేజీ ఇన్‌స్టాలర్)తో ఇన్‌స్టాల్ చేసిన టామ్‌క్యాట్ 9. ఆ ప్యాకేజీతో వచ్చే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌లో (సర్వీస్‌ని ఎలా లేపాలో చెప్పే ఫైల్‌లో) "ప్రైవేట్ టెంప్ ఈక్వల్స్ యెస్" అని ఉంటుంది. అంటే ఆ సర్వీస్‌కి తన సొంత /టీఎంపీ ఉంటుంది, బయటి వాళ్లకి కనబడదు. ఆ సర్వర్‌లో పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందున్నది జావా 8 వాళ్ల జేపీఎస్. అది మామూలు /టీఎంపీలో వెతికి, ఏమీ లేదని తిరిగొచ్చేస్తుంది. అందుకే నాదొక నియమం: జేపీఎస్ చెప్పిన లెక్కని పీఎస్ లెక్కతో సరిచూడకుండా "ఇన్ని జేవీఎంలే ఉన్నాయి" అని ఎవరికీ మాటివ్వను.

తర్వాత, ఏ ప్రాసెస్ ఏ జావా మీద నడుస్తోంది? చాలామంది "జావా మైనస్ వెర్షన్" కొట్టి ఆ వచ్చినదే అన్నిటికీ అనుకుంటారు. ఆ కమాండ్ చెప్పేది మన షెల్‌కి దొరికిన జావా గురించి, నడుస్తున్న ప్రాసెస్ గురించి కాదు. నిజం చెప్పేది, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలు లినక్స్ చూపించే /ప్రాక్ ఫోల్డర్ ఒక్కటే. రీడ్‌లింక్ మైనస్ ఎఫ్ అని కొట్టి, /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో ఉన్న "ఈఎక్స్‌ఈ" లింక్ ఇస్తే, ఆ ప్రాసెస్ ఏ బైనరీ నుంచి లేచిందో పూర్తి పాత్ వస్తుంది. అలా చూస్తే రెండు టామ్‌క్యాట్‌లు జావా 8, ఒకటి జావా 11, ఆప్ట్ టామ్‌క్యాట్ కూడా 11, నోహప్ జార్ 17. ఒకే మెషీన్‌లో మూడు తరాల జావా. 8 వచ్చింది 2014లో, 11 వచ్చింది 2018లో, 17 వచ్చింది 2021లో. యాప్ పుట్టినప్పుడు ఏది చలామణిలో ఉంటే దాని మీదే ఉండిపోయింది.

ఇక రోజూ వాడేది జేకమాండ్, నడుస్తున్న జేవీఎంని ప్రశ్నలడిగే టూల్. ఒక్క టూలే నేర్చుకునే ఓపిక ఉంటే ఇదే నేర్చుకోమంటాను. జేస్టాక్, జేమ్యాప్, జేఇన్ఫో అనే విడి టూల్స్ చేసే పనుల్లో చాలామటుకు ఇది ఒక్కటే చేస్తుంది. ప్రాసెస్ నంబర్ పక్కన "హెల్ప్" అని కొడితే ఆ జేవీఎంకి ఏమేం తెలుసో అదే చెబుతుంది. "వీఎం డాట్ కమాండ్ లైన్" అంటే ఎలా లేపారో, "వీఎం డాట్ ఫ్లాగ్స్" అంటే ఏ సెట్టింగులు అమల్లో ఉన్నాయో, "వీఎం డాట్ అప్‌టైమ్" అంటే ఎంతసేపటి నుంచి నడుస్తోందో తెలుస్తుంది. ప్రాసెస్ నంబర్ స్థానంలో సున్నా ఇస్తే, అది చూడగలిగిన జేవీఎంలన్నిటికీ ఒకేసారి వెళ్తుంది. అప్‌టైమ్ అడగడానికి అది మంచిదే, హీప్ డంప్ (యాప్ మెమరీని ఫైల్‌లోకి తీయడం) అడగడానికి మాత్రం చేయి వెళ్లనివ్వకండి.

జేకమాండ్‌తో కొత్తవాళ్లకి రెండు చోట్ల ఇబ్బంది వస్తుంది. ఒకటి యూజర్. జేవీఎం ఏ యూజర్‌తో నడుస్తోందో ఆ యూజర్‌గానే జేకమాండ్ కొట్టాలి. టామ్‌క్యాట్ యూజర్ అయితే "సుడో మైనస్ యూ టామ్‌క్యాట్" అని ముందు పెట్టాలి. లేకపోతే "టార్గెట్ ప్రాసెస్ స్పందించడం లేదు" అనే తరహా ఎర్రర్ వస్తుంది, యాప్ వేలాడిపోయిందేమోనని మనకి అనవసరమైన టెన్షన్. రెండోది, జేఆర్‌ఈలో (జావాని నడపడానికి మాత్రమే ఉన్న ప్యాకేజీలో) జేకమాండ్ ఉండదు. ఆప్ట్ టామ్‌క్యాట్ తనతో పాటు హెడ్‌లెస్ (గ్రాఫికల్ భాగం లేని) జేఆర్‌ఈ మాత్రమే తెచ్చుకుంటుంది. జేకమాండ్ కావాలంటే జేడీకే హెడ్‌లెస్ ప్యాకేజీ వేయాలి, దానికేమో అదే వెర్షన్ జేఆర్‌ఈ ఉండాలి, అంటే ఉన్న జేఆర్‌ఈ పాతదైతే అది కూడా అప్‌గ్రేడ్ అయిపోతుంది. నడుస్తున్న ప్రాసెస్ కింద నుంచి ఫైళ్లు మారిపోతాయి. అప్పుడు ఇందాకటి ఈఎక్స్‌ఈ లింక్ పక్కన బ్రాకెట్లో "డిలీటెడ్" అని వస్తుంది. ప్రాసెస్ పాత బైనరీనే పట్టుకుని నడుస్తూనే ఉంటుంది గానీ, దాన్ని అలా వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. అందుకే ఆ ఇన్‌స్టాల్ రాత్రి డౌన్‌టైమ్ అడిగి, రీస్టార్ట్‌తో కలిపి చేశాను.

టూల్ ఏ వెర్షన్‌ది వాడాలి అంటే, ఆ ప్రాసెస్ ఏ ఫోల్డర్‌లోని జావాతో లేచిందో ఆ ఫోల్డర్‌లోని జేకమాండే. దానికోసం బాష్‌లో ఒక చిన్న ఫంక్షన్ రాసుకున్నాను: ప్రాసెస్ నంబర్ ఇస్తే, ప్రాక్ నుంచి పాత్ తీసి, ఓనర్ ఎవరో చూసి, సరైన జేకమాండ్‌ని సరైన యూజర్‌తో పిలుస్తుంది. పది లైన్లు కూడా ఉండదు, రోజూ పనికొస్తోంది.

ఇవన్నీ ఎందుకు పనికొచ్చాయో ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. క్లయింట్ నుంచి ఫోన్: లాగిన్ అయ్యాక పేజీ తిరుగుతూనే ఉంది, రావట్లేదు. మా టీమ్‌లో ఒక అన్న వెంటనే, "రీస్టార్ట్ కొట్టేయ్ అన్నా, ఐదూ కొట్టేయ్, తలనొప్పి పోతుంది" అన్నాడు. ఇది మన ఫీల్డులో అందరికీ ఉన్న జబ్బే. రీస్టార్ట్ కొడితే యాప్ లేస్తుంది, ఎందుకు పడిందన్న ఆధారం మాత్రం మెమరీతో పాటే పోతుంది. "ఒక్క నిమిషం ఆగన్నా" అని, ఆ యాప్ జేవీఎంకి "థ్రెడ్ డాట్ ప్రింట్" పంపి, అందులోని థ్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు) ఎక్కడెక్కడ ఉన్నాయో ఫైల్‌లోకి తీశాను. కాసేపాగి మళ్లీ ఒకటి, ఇంకాసేపాగి మరొకటి. ఒక్క డంప్ ఫొటో లాంటిది, కదలిక తెలియాలంటే వరుసగా కొన్ని తీయాలి.

ఫైల్ తెరిస్తే "హెచ్‌టీటీపీ నియో 8082 ఎగ్జెక్" అంటూ మొదలయ్యే థ్రెడ్లు కుప్పలు తెప్పలు. అవి టామ్‌క్యాట్ రిక్వెస్టులు చూసే థ్రెడ్లు, విడిగా చెప్పకపోతే టామ్‌క్యాట్ 200 దాకా పెంచుకుంటుంది. దాదాపు అన్నీ "టైమ్డ్ వెయిటింగ్", స్టాక్‌లో (థ్రెడ్ ఏ కోడ్ గుండా అక్కడికి వచ్చిందో చూపే వరుసలో) కాస్త కిందికి వెళ్తే హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లని పంచే లైబ్రరీ) దగ్గర కనెక్షన్ కోసం ఎదురుచూపు. హికారీలో ఏమీ మార్చకపోతే పూల్ సైజు 10, ఎదురుచూసే గడువు 30 సెకన్లు. అంటే ఆ పది కనెక్షన్లూ ఎవరో పట్టుకుని వదలట్లేదు. ఎవరు? "రన్నబుల్" అని ఉన్న థ్రెడ్లు వెతికితే సరిగ్గా పది. పదీ "సాకెట్ రీడ్ జీరో" దగ్గర ఆగి ఉన్నాయి. రన్నబుల్ అనగానే పనిచేస్తోందని అనుకోకూడదు. జావా 8లో నెట్‌వర్క్ నుంచి జవాబు కోసం ఖాళీగా కూర్చున్న థ్రెడ్ కూడా రన్నబుల్ అనే చూపిస్తుంది. స్టాక్‌లో ఇంకా కిందికి దిగితే పదింటిలోనూ ఒకే క్లాస్, నెలవారీ రిపోర్ట్. ఎవరో బటన్ నొక్కి, రాకపోయేసరికి మళ్లీ మళ్లీ నొక్కారు. డీబీఏకి (డేటాబేస్ చూసుకునే వాళ్లకి) చెప్పి ఆ క్వెరీలు ఆపించగానే పేజీలు వచ్చేశాయి. ఏ జేవీఎంనీ రీస్టార్ట్ చేయలేదు. ఆ అన్న మాత్రం, "అయినా ఒకసారి కొట్టుంటే బాగుండేది" అనే అన్నాడు.

సీపీయూ నూరు శాతం పట్టినప్పుడు చిట్కా వేరు. టాప్‌కి మైనస్ హెచ్ పెట్టి ఆ ప్రాసెస్ నంబర్ ఇస్తే థ్రెడ్లు విడివిడిగా కనిపిస్తాయి. బాగా తింటున్న థ్రెడ్ నంబర్‌ని హెక్స్‌లోకి మార్చి, డంప్‌లో "ఎన్‌ఐడీ" పక్కన అదే అంకె వెతకాలి. దొరికిన థ్రెడ్ జీసీదైతే (వాడని మెమరీని ఖాళీ చేసే భాగానిదైతే) కోడ్‌లో కాదు, మెమరీలో వెతకాలి.

మెమరీ అంటే, ఈ సర్వర్‌లో అసలు జబ్బు అదే. అప్పుడప్పుడూ ఒక యాప్ చప్పుడు లేకుండా మాయమయ్యేది. లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ లేదు, క్రాష్ ఫైల్ లేదు, ఉన్నట్టుండి లాగ్ ఆగిపోతుంది. ఇలాంటప్పుడు జావా లాగ్ కాదు, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లాగ్ చూడాలి. డీమెసేజ్ కొట్టి "కిల్డ్ ప్రాసెస్" అని వెతికితే దొరికిపోయింది. ర్యామ్ అయిపోయి, లినక్స్ తనే ఒక జావాని చంపింది.

కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. ఎక్స్‌ఎంఎక్స్ (హీప్‌కి, అంటే యాప్ డేటా ఉండే మెమరీకి, పరిమితి పెట్టే ఆప్షన్) ఇవ్వకపోతే జేవీఎం తన గరిష్ఠ హీప్‌ని మెషీన్ ర్యామ్‌లో నాలుగో వంతుగా అనుకుంటుంది. 16 జీబీలో అది 4 జీబీ. ఐదింటికీ ఎవరూ ఏమీ చెప్పలేదు, అంటే ఐదు నాలుగులు ఇరవై. అపార్ట్‌మెంట్‌లో ఒకటే వాటర్ ట్యాంకు ఉంటే, ప్రతి ఫ్లాటు వాళ్లూ ట్యాంకు తమదే అనుకుని కుళాయి తిప్పినట్టు. పైగా హీప్ ఒక్కటే లెక్క కాదు. క్లాసుల వివరాలకి మెటాస్పేస్ ఉంటుంది, కంపైల్ అయిన కోడ్‌కి కోడ్ క్యాష్ ఉంటుంది, ఒక్కో థ్రెడ్‌కి స్టాక్ కోసం 1 ఎంబీ దాకా కేటాయింపు ఉంటుంది, డైరెక్ట్ బఫర్లు ఉంటాయి. ఎక్స్‌ఎంఎక్స్ 2 జీబీ ఇచ్చి, ప్రాసెస్ 2 జీబీలోనే ఉంటుందని అనుకుంటే అది మన భ్రమ. ఎక్కడెక్కడ ఎంత పోతోందో చూడాలంటే "నేటివ్ మెమరీ ట్రాకింగ్" ఫ్లాగ్ పెట్టి లేపి, తర్వాత జేకమాండ్‌తో "వీఎం డాట్ నేటివ్ మెమరీ" అడగాలి. దానివల్ల కాస్త వేగం తగ్గుతుంది, అందుకే చూసుకున్నాక తీసేశాను.

ఏ యాప్‌కి ఎంత ఇవ్వాలో ఊహించి చెప్పలేం. జేస్టాట్‌కి "జీసీ యుటిల్" ఆప్షన్, ప్రాసెస్ నంబర్, ఎన్ని మిల్లీసెకన్లకోసారి చూపాలో ఇస్తే, శాతాల వరుస పడుతూ ఉంటుంది. నేను చూసేది ముఖ్యంగా "ఓ" కాలమ్, అంటే ఓల్డ్ జనరేషన్ (ఎక్కువకాలం బతికిన డేటా ఉండే హీప్ భాగం). ఎఫ్‌జీసీ అంకె, అంటే ఫుల్ జీసీల లెక్క, పెరిగిన వెంటనే ఓ ఎక్కడికి దిగుతుందో, అదే ఆ యాప్ నిజంగా పట్టుకుని ఉన్న మెమరీ. ఫుల్ జీసీ తర్వాత కూడా 90 దగ్గరే ఉంటే హీప్ చాలట్లేదు, లేదా లీక్ ఉంది. 20కి దిగితే మనం అనవసరంగా ఎక్కువ ఇచ్చాం. పనిరోజుల్లో రద్దీ సమయంలో వీటిని గమనించి, ఐదింటి హీప్‌లూ కలిపి 10 జీబీ దాటకుండా పంచాను. మిగతాది హీప్ బయటి ఖర్చులకీ, ఓఎస్‌కీ. దాంతో పాటు ఒక్కోదానికి విడి ఫోల్డర్‌లో హీప్ డంప్ పడేలా ఆప్షన్ పెట్టాను. అప్పట్నుంచి కెర్నల్ చేతిలో ఏ జావా చావలేదు.

హీప్ డంప్ గురించి ఒక మాట. డంప్ తీసినంతసేపూ ఆ జేవీఎం ఆగిపోతుంది. జేమ్యాప్‌లో "హిస్టో" పక్కన "లైవ్" అని పెట్టినా ముందు ఫుల్ జీసీ జరుగుతుంది. క్లయింట్ పని టైమ్‌లో సరదాగా కొట్టే కమాండ్లు కావవి.

ఇక వెర్షన్ల గోల. ఉబుంటులో జావాలన్నీ /యుఎస్‌ఆర్/లిబ్/జేవీఎం కింద పక్కపక్కనే ఉంటాయి, ఒకదానికొకటి అడ్డు రావు. "అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్" కమాండ్‌తో డిఫాల్ట్ ఏదో ఎంచుకోవచ్చు. నెట్‌లో ఎక్కడ చూసినా సలహా ఇదే. సర్వర్ మీద మాత్రం ఈ సలహా నాకు నచ్చదు. అది మార్చేది /యుఎస్‌ఆర్/బిన్‌లోని లింక్ చివరికి ఏ జావాకి వెళ్తుందో, అంతే. జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ వేరియబుల్ పాతదే ఉండిపోతుంది, టామ్‌క్యాట్ స్క్రిప్టులు దాన్నే నమ్ముతాయి. జావాకీ, జావాసీకీ (కంపైలర్‌కీ) లింకులు వేర్వేరు, ఒకటి మార్చి రెండోది వదిలేస్తే 17తో కంపైల్ చేసి 11తో నడిపే పరిస్థితి వస్తుంది. అప్పుడొచ్చే "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్" ఎర్రర్‌లో అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. క్రాన్ జాబ్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) అయితే మన బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్‌ని చదవను కూడా చదవదు, దాని లోకం దానిది.

నా అభిప్రాయంలో సర్వర్‌లో "డిఫాల్ట్ జావా" అనేదాన్ని ఏ సర్వీసూ నమ్ముకోకూడదు. ప్రతి యాప్‌కి ఒక సిస్టమ్‌డీ యూనిట్ రాసి, అందులోనే జావా పూర్తి పాత్, జావా హోమ్, ఎక్స్‌ఎంఎక్స్, యూజర్ అన్నీ పెట్టేశాను. నోహప్ జార్‌ని రూట్ నుంచి దించి, తనకంటూ ఒక యూజర్‌ని ఇచ్చాను. టామ్‌క్యాట్‌లు మూడింటికీ ఒకటే టెంప్లేట్ యూనిట్, @ గుర్తు తర్వాత ఇన్‌స్టన్స్ పేరు మారుతుందంతే. దీనివల్ల ఇంకో ప్రమాదం కూడా తప్పింది. కాటలీనా బేస్ సెట్ చేయకుండా షట్‌డౌన్ స్క్రిప్ట్ కొడితే, అది టామ్‌క్యాట్ హోమ్ ఫోల్డర్‌లోని సర్వర్ ఎక్స్‌ఎంఎల్ (సెట్టింగుల ఫైల్) చదివి 8005 పోర్టుకి ఆగమని చెబుతుంది. ఆ పోర్టు మీద ఎవరుంటే వాళ్లు ఆగిపోతారు. ఇప్పుడు ఆ స్క్రిప్టుల జోలికి ఎవరూ వెళ్లనక్కర్లేదు. ప్రతి జేవీఎంకీ మైనస్ డీతో ఒక యాప్ పేరు కూడా తగిలించాను, పీగ్రెప్ మైనస్ ఎఫ్‌తో ఆ పేరు వెతికితే ప్రాసెస్ నంబర్ వచ్చేస్తుంది.

ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, అక్కడ జావా వెర్షన్లని దించి మార్చుకునే ఎస్‌డీకేమ్యాన్ హాయి. "యూజ్" అంటే ఆ టెర్మినల్‌కి మాత్రమే, "డిఫాల్ట్" అంటే ఇకపై తెరిచే వాటికి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఎస్‌డీకేమ్యాన్‌ఆర్‌సీ ఫైల్ పెడితే వెర్షన్ ఏదో టీమ్ మొత్తానికి తెలుస్తుంది. జేఎన్వ్ కూడా వాడి చూశాను. అది జావాని దించుకోదు, మనం దించుకున్నవాటి మధ్య మారుస్తుంది, అంతే.

తర్వాతి కొన్ని నెలల్లో యాప్‌లని ఒక్కొక్కటే 17కి జరిపాను. మొదటిది లేవనే లేదు. "ప్రింట్ జీసీ డేట్ స్టాంప్స్ అనే ఆప్షన్ తెలియదు" అని ఆగిపోయింది. జీసీ లాగింగ్ ఫ్లాగులు జావా 9లోనే మారిపోయాయి, పాతవి తీసేసి "ఎక్స్‌లాగ్" పెట్టాలి. అది సరిచేశాక లేచింది గానీ జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ) క్లాసులు లేవని ఏడ్చింది. 11 నుంచి అవి జేడీకేలో ఉండవు, డిపెండెన్సీగా విడిగా పెట్టుకోవాలి. జావా లోపలి క్లాసుల్లోకి రిఫ్లెక్షన్‌తో చేయి పెట్టే లైబ్రరీలకి "యాడ్ ఓపెన్స్" ఇవ్వాల్సొచ్చింది. ఆ సమయంలో ఒకరు, ఆప్షన్లన్నీ "జావా టూల్ ఆప్షన్స్" వేరియబుల్‌లో పెడితే అన్నిటికీ ఒకేసారి వర్తిస్తాయి కదా అన్నారు. వర్తిస్తాయి, ఇబ్బందే అది. ఆ వాతావరణంలో లేచే ప్రతి జేవీఎం దాన్ని అందుకుంటుంది, జేకమాండ్‌తో సహా. 8కి తెలియని ఫ్లాగ్ అందులో ఉంటే 8 మీది యాప్ లేవదు.

ఇప్పుడు నాలుగు యాప్‌లు 17 మీద ఉన్నాయి. రిపోర్టుల యాప్ ఒక్కటి 8 మీదే ఉంది. అది వాడే ఒక వెండర్ జార్‌కి సోర్స్ లేదు, 17 మీద లేవదు. ఓపెన్‌జేడీకే 8కి భద్రతా అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి కాబట్టి, అవి వేస్తూ, హీప్‌ని 2 జీబీకి కట్టడి చేసి నడుపుతున్నాం. కొత్త జార్ కోసం క్లయింట్ ఆ వెండర్‌కి మెయిల్ పెట్టాడు. జవాబు వచ్చేదాకా ఆ యూనిట్ ఫైల్ ఎవరూ ముట్టుకోవద్దని, పై లైన్‌లోనే కామెంట్ రాసి పెట్టాను.